చింతపండు నింద

క్షమించానన్నాడు డాక్టరు ఉమామహేశ్వరరావు. తిట్టినా బాగుండేది. తిడితే కోటమ్మ ఒక మాట అనేది, ఆయన రెండనేవాడు, ఆయన భార్య రాధారాణిగారు మధ్యలోకి వచ్చి ఇద్దరి నోళ్ళూ మూయించేవారు, సాయంత్రానికి అందరూ పెసరట్లు తినేవాళ్ళు. క్షమించేసిన మనిషితో పోట్లాట ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

జరిగింది ఇదీ. కోటమ్మ షికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో కూతురు మృదుల దగ్గర ఉంటుంది. సోమ, బుధ, శుక్రవారాలు డాక్టరుగారింట్లో వంట. మృదుల షికాగో ట్రైన్‌కి వెళ్తూ దారిలో తల్లిని అక్కడ దింపుతుంది. ఆ బుధవారం పొద్దున, శుక్రవారం పూజకని రాధారాణిగారు దేవుడి గదిలోని రాగి చెంబు, పంచపాత్ర, రెండు పళ్ళేలు తెచ్చి సింకులో పెట్టారు. కోటమ్మ నిమ్మకాయంత చింతపండు నానబెట్టి, చిటికెడు ఉప్పు కలిపి, ముందు చెంబు అందుకుంది.

అదే సమయానికి డైనింగ్ టేబుల్ దగ్గర, కిటికీ వెలుతురులో, డాక్టరుగారు తన రాగితో కూర్చుని ఉన్నాడు. ఆయన రాగి వేరు. గుండె డాక్టరుగా రిటైరైన దగ్గర్నుంచి ఆయన మనసంతా అమెరికా పుట్టిన కొత్తల్లో వేసిన రాగి సెంట్ల మీదే. మన పాతకాలం రూపాయి బిళ్ళంత వెడల్పు ఉంటాయి. ఒక్కోదానికి ఒక గుడ్డసంచీ, ఆ సంచీకి ఒక కాగితం కవరు, ఆ కవర్లన్నిటికీ ఒక పొడుగాటి పెట్టె. అంచులు మాత్రమే పట్టుకోవాలి, కింద మెత్తటి గుడ్డ ఉండాలి, ఆదివారాలు మెత్తటి బొచ్చు బ్రష్షుతో తుడవాలి. కాఫీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా కోటమ్మకు ఆయన ఒకటే పాఠం చెప్పేవాడు. రాగికి వయసు మీద గోధుమరంగు వస్తుంది, ఆ రంగే దాని ప్రాణం, అది ఒకసారి పోయిందంటే నాణెం చచ్చిపోయినట్టే.

వాటన్నిటిలోకీ ఆయనకు ముద్దుబిడ్డ 1794 నాటి సెంటు. జుట్టు విరబోసుకున్న ఆడమనిషి తల ఉంటుంది దాని మీద. వచ్చే ఆదివారం వాళ్ళ నాణేల క్లబ్బు మీటింగ్‌లో ఆయన దాని గురించే మాట్లాడాలి. తేదీ పక్కన ఆవగింజంత ఆకుపచ్చ చిలుము కనబడేసరికి ప్రాణం ఊరుకోలేదు. పెయింటు వాసన వేసే ఒక మందు ఉంది ఆయన దగ్గర, నాణేలవాళ్ళందరూ వాడేదే. దూదిపుల్లలు అందులో ముంచి ఆ మొహమంతా అద్ది, తడి ఆరడానికి నీలం గుడ్డ మీద వదిలేశాడు. లోపల ఫోను మోగింది. సీసా, వాడిన పుల్లలు పట్టుకుని తన గదిలోకి వెళ్ళి గంటసేపు మాట్లాడాడు. భోజనాల వేళయింది. కోటమ్మ నీలం గుడ్డను రెండు చేతులతో, పసిపిల్ల పక్కగుడ్డ జరిపినట్టు, పక్కనున్న బల్ల మీదికి జరిపి పళ్ళేలు పెట్టింది.

"రాధా!"

ఆ కేకకు కోటమ్మ చేతిలో గరిటె జారింది. వచ్చి చూస్తే నాణెం మీది ఆడమనిషి బుగ్గ, మెడ, జుట్టు కొత్త చెంబులా ఎర్రగా మెరుస్తున్నాయి. అంచున అక్షరాల దగ్గర మాత్రం కాస్త గోధుమరంగు మిగిలింది. డాక్టరుగారు నాణేన్ని చూశాడు. వంటింటి వైపు చూశాడు. అక్కడ చెంబు తళతళా మెరుస్తోంది, సింకులో చింతపండు పిప్పి ఉంది. ముప్పయ్యేళ్ళు గుండెజబ్బులు కనిపెట్టిన మనిషికి ఇంకేం కావాలి, అర నిమిషంలో రోగం తేల్చేశాడు.

"ఈ గుడ్డ ముట్టుకున్నావా కోటమ్మా?"

"ఆయ్, ముట్టుకున్నానండి. పళ్ళేలు పెట్టాలి కదండీ, జరిపాను."

"నాణెం?"

"నాణెం జోలికి పోలేదండి."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి మొహంలో కోపం లేదు. చావు కబురు చెప్పడానికి బయటికొచ్చిన డాక్టరు మొహంలా జాలిగా ఉంది.

"భయపడకు. నల్లగా ఉంది కదా, తోమితే అయ్యగారు సంతోషిస్తారనుకున్నావు. నీకు తెలియదు. తెలియక చేసినదానికి నేనేమీ అనను. క్షమించాను."

"నేను చేయలేదండి."

"క్షమించానంటున్నాను కదా!"

అని కూర్చుని ములక్కాడ పులుసు పోసుకుని అన్నం తిన్నాడు. రెండోసారి కూడా పోయించుకున్నాడు. కోటమ్మ పులుసు వడ్డిస్తూనే ఉంది గానీ, ఆ పూట తను ఒక్క ముద్ద తినలేదు.

గురువారం చరిత ఇంట్లో వంట. చరిత మంచి పిల్ల, ఆంటీ ఆంటీ అంటూ వెనకాలే తిరుగుతుంది. ఆ రోజు తలుపు తీస్తూనే నవ్వు ఆపుకోలేకపోయింది. డాక్టరుగారు వాట్సాప్‌లో నేపర్‌విల్ తెలుగువాళ్ళ గ్రూపులో ఫోటో పెట్టారు. ఒక పక్క ఎర్రబడిన నాణెం, ఇంకో పక్క చింతపండు ముద్ద. కింద ఒక మాట: 'రెండు వందల ముప్పై ఏళ్ళు కాలం వేసిన రంగు, మా కోటమ్మ చేతిలో రెండు నిమిషాలు.' నవ్వే బొమ్మలు డెబ్భై నాలుగు వచ్చాయట.

"సూపర్ ఆంటీ మీరు! టోటల్ నేపర్‌విల్ అంతా మీ గురించే. మా సిల్వర్ ఐటమ్స్ మాత్రం వదిలెయ్యండేం!"

వేళాకోళానికే అంది. కానీ అంటూ అంటూ టేబుల్ మీదున్న వెండి కుంకుమభరిణె తీసుకెళ్ళి అలమరలో పెట్టేసింది. ఆ పిల్లకు తను చేసిన పని తనకే తెలియలేదు. కోటమ్మకు మాత్రం ఒళ్ళంతా మండిపోయింది. ఆ రోజు బెండకాయలు ఎంత సన్నగా తరిగిందో, ఆ ముక్కలు చూసి చరిత భర్త మెషీన్ కొన్నారా అని అడిగాడు.

సాయంత్రం మృదుల దగ్గర ఏడ్చేసింది.

"వాళ్ళు నిన్నేమీ అనలేదు కదమ్మా. ఫన్‌గా పెట్టారు. పని మానెయ్యమన్నారా? లేదు. లైట్ తీసుకో."

"వాళ్ళ క్లబ్బువాళ్ళకి కూడా రాసి పంపాడని చరిత చెప్పింది. ఆదివారం వాళ్ళ మీటింగులో కూడా చెప్తాడంట. వాళ్ళ క్లబ్బు పుస్తకంలో అచ్చేస్తారంట, చింతపండు కథ అని."

"ఆ పుస్తకం ఎవరు చదువుతారమ్మా!"

"ఎవరూ చదవకపోయినా అందులో ఉంటుంది కదే. నేను చేయని పని నా పేరు మీద ఉంటుంది. ఆయన దగ్గర నాలుగైదు పుస్తకాలున్నాయి, నూరేళ్ళ కిందటివి. ఎవడి నాణేన్ని ఎవడు పాడుచేశాడో కూడా రాసుకుని ఉంటారు. నేను పోయాక కూడా ఉంటుంది."

మృదుల ప్లేట్లు కడగబోయింది. కోటమ్మ కూతుర్ని పక్కకు నెట్టి తనే కడిగింది. చేతులకు పని ఉంటేనే ఆమెకు ఆలోచన కదులుతుంది. నాణేన్ని కళ్ళముందు పెట్టుకుంది. ఎర్రబడినచోట చింతపండు గుణం లేదు. చింతపండుతో తోమితే అక్షరాల సందుల్లోకి కూడా పులుపు దిగుతుంది. ఇక్కడ సందులు గోధుమరంగుగానే ఉన్నాయి. పైన పూసినదేదో పైపైన ఊడినట్టుంది. ఊడినట్టు. గిన్నె చేతిలోనే ఉండిపోయింది. ఆ సీసా వాసన పెయింటు వాసనే కాదు, కాస్త కిరసనాయిలు వాసన కూడా.

"రేపు చెత్తబండి ఎన్నింటికొస్తుందే డాక్టరుగారి వీధికి?"

"ఫ్రైడే పిక్‌అప్... ఏడున్నర, అలా. ఎందుకు?"

"నన్ను ఏడింటికే దింపు."

శుక్రవారం ఏడింటికి వీధి నిండా చక్రాల చెత్తడబ్బాలు బారులు తీరి ఉన్నాయి. డాక్టరుగారి డబ్బా మూత ఎత్తి కోటమ్మ నడుముదాకా లోపలికి వంగింది. కారులోంచి మృదుల, "అమ్మా, ప్లీజ్, నైబర్స్ చూస్తున్నారు!" అని గుసగుసగా అరుస్తోంది. నిజంగానే ఎదురింటాయన కుక్కను పట్టుకుని ఆగిపోయాడు. కోటమ్మ ఆయనకు ఒక నమస్కారం పెట్టి మళ్ళీ వంగింది. డాక్టరుగారి గదిలోని చిన్న చెత్తబుట్ట సంచీ తెల్లది, చివర ముడి వేసి ఉంటుంది, ఆ ముడి వేసేది తనే కాబట్టి తనకు తెలుసు. ఈసారి ముడి వేరేలా ఉంది. రాధారాణిగారు వేసి ఉంటారు. విప్పితే కాగితాలు, దగ్గుబిళ్ళల కాగితాలు, వాటి మధ్య ఏడు దూదిపుల్లలు. దూదికి కాఫీ డికాషన్ రంగు పట్టింది. ఒక పుల్ల తీసి, దూదిని రెండు వేళ్ళ మధ్య నలిపింది. జిడ్డుగా కాదు, జారుడుగా వచ్చింది. మైనం.

వీధి చివర చెత్తబండి మలుపు తిరిగేసరికి ఆమె పుల్లలు జిప్‌లాక్ సంచీలో వేసుకుని, డబ్బా మూత వేసి, కొంగు దులుపుకుని గుమ్మం దగ్గర నిలబడింది.

కాఫీ ఇచ్చి, ఆ సంచీ ఆయన బల్ల మీద పెట్టింది.

"ఇవేంటండి?"

"ఇది... ఎక్కడిదిది? చెత్తలోంచి తీశావా?" ఆయన మొహం చిట్లించాడు. "మురికి కోటమ్మా. జిడ్డు. ఈ మందు చేసే పనే అది. జిడ్డు తీస్తుంది, రాగి అసలు రంగును మాత్రం ముట్టదు. నేను చెప్పేది కాదు, పుస్తకాల్లో ఉంది."

"అదేనండి నేననేది కూడా. అసలు రంగును ముట్టదు."

ఆయన కాఫీ కప్పు సగం దాకా ఎత్తి ఆగాడు.

"అంటే?"

"మా అత్తారిది అజ్జరం అండి. ఇత్తడి, రాగి మెరుగుపెట్టే ఇల్లు. పట్నం నుంచి ఒక షావుకారు వచ్చేవాడు. కొత్త విగ్రహాలు పాతవాటిలా చేసిమ్మనేవాడు. మైనంలో రంగు కలిపి, వెచ్చజేసి, గుడ్డతో పూసేవాళ్ళమండి. వందేళ్ళ విగ్రహంలా ఉండేది. కిరసనాయిలు తగిల్తే మాత్రం పాతాయన కాస్తా కుర్రాడైపోయేవాడు. ఈ నాణేన్ని ఎవరో ఎప్పుడో తోమేశారండి. తోమి, మైనం పూసి మీకు అమ్మారు. మందు అద్దినప్పుడు తడిగా ఉంది కాబట్టి మీకు నల్లగా కనబడింది. ఆరాక బయటపడింది."

ఆయన కప్పు తాగకుండానే కింద పెట్టేశాడు. గోడ మీది గడియారం వైపు చూశాడు, తన చేతుల వైపు చూసుకున్నాడు.

"నేనది కొని ఇరవై రెండేళ్ళయింది," అన్నాడు చివరికి. "ఈ దేశంలో ఈ నాణేలు తెలిసిన పెద్దవాళ్ళందరూ దాన్ని చేత్తో పట్టుకుని చూశారు. ఒక్కడంటే ఒక్కడు మాటన్నవాడు లేడు. నువ్వొచ్చి..."

మిగిలిన మాట మింగేశాడు. కోటమ్మకు అది వినబడనే వినబడింది.

"ఎవరన్నారని కాదండి. అంచున ఇంకా రంగు మిగిలింది కదా. ఒక్క పుల్ల పెట్టి చూడండి. రాకపోతే ఆదివారం మీటింగులో నేనే తోమానని నా నోటితో చెప్తాను."

డాక్టరుగారు పెట్టె మూత వేశాడు. తాళం తిప్పాడు. "అక్కర్లేదు," అన్నాడు.

గుమ్మంలో రాధారాణిగారు నిలబడి ఉన్నారు. వంటింట్లోకి వచ్చాక, కోటమ్మ పోపు వేస్తుంటే, పక్కనే స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"పెళ్ళయి నలభై తొమ్మిదేళ్ళు కోటమ్మా. ఆ మనిషి అన్నీ టెస్ట్ చేస్తాడు. పాలు విరిగాయేమోనని రెండుసార్లు చూస్తాడు. స్మోక్ అలారం బ్యాటరీ నెలకోసారి చూస్తాడు. ఒక్క పుల్ల పెట్టి చూడటానికి భయపడ్డాడంటే ఏమిటి అర్థం?"

కోటమ్మ మంట తగ్గించింది. ఆవాలు చిటపటలాడుతున్నాయి.

"ఆదివారం రెండింటికి లైబ్రరీ వెనక గదిలో. ఇన్నేళ్ళలో నేను ఒక్కసారీ వెళ్ళలేదు. నిన్ను నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్తాను. చింతపండు తెచ్చుకో."

"అయ్యగారు కోప్పడతారేమోనండి."

"కోప్పడనీ. కనీసం క్షమించడు కదా!"

బుధవారం తర్వాత కోటమ్మ నవ్వడం అదే మొదటిసారి.

లైబ్రరీ వెనక గదిలో మూడు బల్లలు కలిపి ఆకుపచ్చ గుడ్డ పరిచారు. డాక్టరుగారు కాక పదిమంది ముసలి మగవాళ్ళు, ఒక ముసలావిడ. ఒక్కొక్కరి ముందు ఒక దీపం, ఒక భూతద్దం. చేతులు బల్ల మీది నుంచి పైకి లేవకుండా, నాణెం ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి వెళ్తోంది. తీసుకున్నవాడు అంచులు పట్టుకుని తిప్పి చూస్తాడు, తలూపుతాడు, పక్కవాడికి ఇస్తాడు. నోరు విప్పడు. పూజలో హారతి పళ్ళెం తిప్పినంత నిష్ఠగా ఉంది వ్యవహారం.

"ఎందుకండీ ఏమీ మాట్లాడరు?" వెనక కుర్చీలో కూర్చున్న కోటమ్మ గుసగుసగా అడిగింది.

"అదే వీళ్ళ మర్యాదట. ఇంకొకరి నాణెం చేతికొస్తే, అతను అడిగితే తప్ప మంచీ చెడ్డా చెప్పకూడదు. ఈయన ఇంటికొచ్చి ఎంత మురిసిపోతూ చెప్తాడో! మన తెలుగువాళ్ళలో ఇంత సంస్కారం లేదని."

డాక్టరుగారు లేచాడు. వెనక వరసలో భార్యనూ కోటమ్మనూ చూసి ఒక్క క్షణం తడబడ్డాడు. కానీ కాగితం మీద రాసుకొచ్చినది ఉంది, అదే చదవసాగాడు. ఇంగ్లీషు కోటమ్మకు సగమే అందుతుంది. అయినా 'టామరిండ్' అందింది, 'కుక్' అందింది. అక్కడక్కడా నవ్వులు వచ్చాయి. కోటమ్మ మొహాలే చూస్తోంది. చరిత ఇంట్లో విన్న నవ్వుకు, దీనికి తేడా ఉంది. ఇక్కడ నవ్వు ఆలస్యంగా వస్తోంది. నవ్వుతున్నవాళ్ళు డాక్టరుగారి వైపు చూడటం లేదు, బల్ల మీది గుడ్డ వైపు చూస్తున్నారు. పొడుగ్గా, పెద్ద పెద్ద చేతులున్న ఒకాయన అసలు నవ్వనే లేదు. భూతద్దం మూస్తూ తెరుస్తూ కూర్చున్నాడు.

డాక్టరుగారు కాగితం మడిచేసరికి కోటమ్మ లేచి నిలబడింది.

"రాధమ్మగారూ, నేను చెప్పేది వాళ్ళకు చెప్పండి. ఎందుకూ పనికిరాని పాత సెంటు ఒకటి ఇమ్మనండి. తోమి చూపిస్తాను."

రాధారాణిగారు లేచి ఇంగ్లీషులో గట్టిగా చెప్పారు. గదిలో కుర్చీలు కిర్రుమన్నాయి. "రాధా, ఏమిటిది?" అన్నాడు డాక్టరుగారు తెలుగులో. ఆవిడ ఆయన వైపు చూడలేదు. పెద్ద చేతులాయన, రైలు ఇంజన్లు బాగుచేసే షాపులో పనిచేసి రిటైరైన రస్, జేబులోంచి ఒక సెంటు తీసి బల్ల మీద పెట్టాడు. నడిమధ్య మేకు కొట్టిన బెజ్జం, అరిగిపోయిన బొమ్మ, నిండా గోధుమరంగు. ఇది ఎవరికీ అక్కర్లేదు, రంగు మాత్రం అసలుదే, అన్నాడు.

కోటమ్మ కొంగు బిగించింది. స్టీలు గిన్నెలో తెచ్చుకున్న చింతపండు పులుసులో ఉప్పు కలిపి, బొటనవేలితో నాణెం సగభాగం మీద రుద్దడం మొదలుపెట్టింది. ముసలావిడ అబ్బా అని కళ్ళు మూసుకుంది. ఒకాయన లేచి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. గుళ్ళో ఎవరో చెప్పులతో తిరుగుతున్నట్టు మొహాలు పెట్టారు మిగిలినవాళ్ళు. కోటమ్మ ఎవరినీ చూడలేదు. రెండు నిమిషాలయ్యాక, తెచ్చుకున్న మంచినీళ్ళతో గిన్నెలోనే కడిగి, తుడిచి, దీపం కిందికి జరిపింది. ఒక సగం పచ్చి మాంసంలా ఎర్రబడింది. అక్షరాల సందులు కూడా ఎర్రగానే ఉన్నాయి.

"ఇదండీ చింతపండు. ఒక్క సందూ వదలదు."

రస్ ముందున్న సీసా అడిగి తీసుకుంది. అదే మందు, అదే వాసన. దూదిపుల్ల ముంచి, మిగిలిన గోధుమరంగు సగం మీద మెల్లగా మొదలుపెట్టి, తర్వాత గట్టిగా, చెయ్యి నొప్పి పుట్టేదాకా రుద్దింది. దూది ఎత్తి చూపించింది. చివర కొంచెం బూడిదరంగు తగిలింది, అంతే. నాణెం రంగు చెక్కుచెదరలేదు.

"ఇదండీ మందు."

మూడో పుల్ల ముంచి డాక్టరుగారి వైపు చాచింది.

"మీ నాణెం నేను ముట్టుకోనండి. అప్పుడూ ముట్టుకోలేదు. మీరే చూడండి."

పుల్ల ఆయన అందుకోలేదు. ఆయన రస్ వైపు తిరిగాడు. తన నాణేన్ని అంచులు పట్టుకుని దీపం కిందికి జరిపాడు.

"రస్, నువ్వు చెప్పు. దీని మీద ఉన్న రంగు అసలుదేనా?"

పొడుగాటాయన భూతద్దం బల్ల మీద పెట్టేశాడు. "నువ్వు అడుగుతున్నావా, డాక్?"

"అడుగుతున్నాను."

"కాదు."

"ఎప్పణ్ణుంచి తెలుసు?"

"నువ్వు మొదటిసారి ఇక్కడికి తెచ్చిన రోజు నుంచి." ముసలావిడ కూడా తలూపింది. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. "నువ్వు ఎప్పుడూ అడగలేదు," అన్నాడు రస్ మెల్లగా.

డాక్టరుగారు కోటమ్మ చేతిలోంచి పుల్ల తీసుకుని, తన నాణెం అంచున, మిగిలిన గోధుమరంగు మీద ఒక్కసారి అద్దాడు. ఎత్తాడు. దూది డికాషన్ రంగులోకి తిరిగింది. ఆయన దాన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూశాడు. అలా చూస్తూనే ఉండిపోయాడు.

రాధారాణిగారు జరిగిన మాటలన్నీ తెలుగులో చెప్పారు. కోటమ్మ ఊపిరి పీల్చుకోవలసిన చోటే అది. కానీ ఆమెకు ఊరట రాలేదు, ఇంతకుముందు లేని కోపం వచ్చింది.

"ఆయన అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. సరే. బుధవారం ఆయన ఈ కథంతా వాళ్ళక్కూడా పంపించాడు కదండీ. పాత నాణెం గురించి మాట్లాడకూడదు, బానే ఉంది. మరి నా గురించి? నేను తోమలేదని తెలిసీ ఇక్కడ కూర్చుని నవ్వారే, అది ఏం మర్యాదో అడగండి."

రాధారాణిగారు ఒక్క మాట వదలకుండా ఇంగ్లీషులో చెప్పారు. తను విన్నదానికంటే కాస్త గట్టిగానే చెప్పారు. కిటికీ దగ్గరున్నాయన ఇటు తిరగలేదు. రస్ మొహం మెడదాకా కందిపోయింది. లేచి నిలబడి, తలమీది టోపీ తీసి, కోటమ్మతో సారీ మేడమ్ అన్నాడు. ఆ రెండు మాటలకు తర్జుమా అక్కర్లేకపోయింది.

డాక్టరుగారు బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. నాలుగు రోజుల్లో పదేళ్ళు పెరిగినట్టున్నాడు.

"కోటమ్మా, నన్ను..."

"ఇక్కడ కాదండి." కోటమ్మ చెయ్యి ఎత్తింది. "నాకొక్కదానికే చెప్తే నేను ఇంటికెళ్ళి ఏం చేసుకోను? నన్ను చూసి ఎక్కడ నవ్వారో అక్కడ చెప్పండి. ఇప్పుడే చెప్పండి. రేపంటే మీకు మనసు మారుతుంది."

మారదని ఆయన అనలేదు. ఫోను తీసి, గ్రూపు తెరిచి, మైకు బొమ్మ నొక్కిపట్టాడు. తెలుగు ముక్క రాని పదకొండుమంది అమెరికన్లు ఊపిరి బిగబట్టి వింటున్నారు.

"అందరికీ నమస్కారం. బుధవారం నేను పెట్టిన ఫోటో గురించి. మా వంటావిడ..."

ఆగాడు. చెరిపేశాడు. కాసేపు ఫోను వైపే చూసి, తల ఎత్తకుండా అడిగాడు.

"కోటమ్మా, నీ ఇంటిపేరేమిటి?"

నాలుగేళ్ళుగా ఆమె చేతి వంట తింటున్నాడు. ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

"పట్నాల అండి."

మళ్ళీ నొక్కిపట్టాడు. "నాణెం పాడుచేసింది పట్నాల కోటమ్మగారు కాదు. దాని రంగు మొదటినుంచీ నకిలీదే. నాకు తెలియలేదు. శుక్రవారం ఆవిడ చెప్పాక తెలిసింది, తెలిసీ ఒప్పుకోలేదు. నేను ఆవిడ మీద వేసింది అబద్ధపు నింద."

"పంపకండి. ముందు వినిపించండి," అంది కోటమ్మ.

వినిపించాడు. ఆమె తల వంచి, ఉప్పు సరిపోయిందో లేదో చూసేటప్పటి శ్రద్ధతో వింది.

"నింద అన్న దగ్గర గొంతు తగ్గిందండి. మళ్ళీ చెప్పండి."

రాధారాణిగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. డాక్టరుగారు భార్య వైపు చూశాడు, కోటమ్మ వైపు చూశాడు, గొంతు సవరించుకుని మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. ఈసారి బయట పుస్తకాల దగ్గర తిరుగుతున్న వాళ్ళు కూడా ఆగి తలుపు వైపు చూశారు. మెసేజ్ వెళ్ళి, దాని పక్కన రెండు టిక్కులు పడేదాకా కోటమ్మ అక్కడే నిలబడింది.